స్లైడు చూసే కళ్లు

మైక్రోస్కోపు కింద ట్రైకోమోనాస్ కదులుతూ కనిపిస్తే చాలా ఏళ్లపాటు నాకు మొదట వచ్చిన ఆలోచన ఆ క్రిమి గురించి కాదు, ఆ స్లైడు ఎవరిదో ఆమె గురించి. "ఈమె ఎలాంటిదో" అనుకునేదాన్ని. లేకపోతే "ఈమె మొగుడు ఎలాంటివాడో" అనుకునేదాన్ని. పైకి ఒక్క మాట అనలేదు. రిపోర్టు సరిగ్గా రాశాను, పేరు సరిచూశాను, బెంచీ మీద కూర్చున్న ఆమెను పిలిచి కాగితం ఇచ్చి డాక్టరు మేడమ్ దగ్గరికి వెళ్లమన్నాను. ఆ కాగితం ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలోకి చూశానా అని ఇప్పుడు నన్ను నేను అడుగుతున్నాను. చూడలేదు.

నేను ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్ని. రక్తం, మూత్రం, కఫం, వాటితోపాటు "తెల్లబట్ట అవుతోంది" అని వచ్చిన ఆడవాళ్ల స్వాబ్‌లు. ఈ విషయంలో నన్నెవరూ నిలదీయలేదు. నాకే షుగరు వచ్చి, నా ఒంట్లోనే ఆ దురద మొదలై, స్వాబ్ ఇవ్వాల్సినదాన్ని నేనే అయినప్పుడు పుట్టిన ప్రశ్న ఇది. ఇంట్లో అక్కతో కూడా మాట్లాడని సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు జబ్బు కానిదాని గురించి చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి తెలియంది అదే. తెల్లబట్ట ఉండటమే జబ్బు కాదు. ఈడొచ్చిన ప్రతి ఆడమనిషికీ కొంత స్రావం ఉంటుంది. నెలసరి అయిపోయాక తక్కువగా, అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా సాగుతూ, ఆ తర్వాత కాస్త చిక్కగా. గర్భంతో ఉన్నప్పుడు ఎక్కువే అవుతుంది. దానికి దుర్వాసన ఉండదు, దురద పెట్టదు, మంట ఉండదు. యోనిలో లాక్టోబాసిలస్ అనే మంచి బాక్టీరియా ఉంటాయి. పాలు తోడుకునేలా చేసే జాతికి ఇవి బంధువులే. 1892లో డోడర్‌లైన్ అనే జర్మన్ వైద్యుడు వీటిని వర్ణించాడు. ఇవి లాక్టిక్ ఆమ్లం తయారుచేసి అక్కడ పుల్లదనాన్ని నిలబెడతాయి. పీహెచ్ కాగితం తడిపి చూస్తే 4.5కి లోపే ఉంటుంది. ఆ పుల్లదనమే కాపలా.

ఈ నాలుగు వాక్యాలూ నాకు డిప్లొమా చదివేటప్పుడే వచ్చు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా నా లోదుస్తుల మీద తడి కనిపించిన ప్రతిసారీ అదేదో నా అశుభ్రత అన్నట్టు, ఇంట్లో మగవాళ్ల కంట పడకుండా చీర కింద ఆరేసుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ ఆరేసినట్టే. చదువు బుర్రలోకి వెళ్లినంత తేలిగ్గా ఒంట్లోకి దిగదని నాకు అర్థం కావడానికి వయసు పట్టింది.

ఇక జబ్బులు. మా దగ్గరికి వచ్చేవి ముఖ్యంగా మూడు.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది బాక్టీరియల్ వజైనోసిస్. బయటినుంచి కొత్త శత్రువు రావడం కాదిది, లోపలి సమతూకం చెడటం. లాక్టోబాసిలస్ తగ్గిపోతాయి, గార్డ్‌నెరెల్లా, ఇంకా ఆక్సిజన్ అక్కర్లేని రకరకాల బాక్టీరియా పెరిగిపోతాయి. స్రావం పల్చగా, బూడిదరంగు కలిసిన తెలుపులో, గోడలకు పూతపూసినట్టు ఉంటుంది. దురద పెద్దగా ఉండదు. ఉండేది వాసన. చేపల నీచు వాసన. భర్తతో కలిసిన తర్వాత, నెలసరి రోజుల్లో ఎక్కువవుతుంది, ఎందుకంటే వీర్యానికీ రక్తానికీ పుల్లదనం తక్కువ. మేం స్లైడు మీద చుక్క పొటాషియం హైడ్రాక్సైడ్ వేస్తే ఆ వాసన గుప్పుమంటుంది. మైక్రోస్కోపులో పెద్ద పెద్ద చర్మకణాలు కనిపిస్తాయి, వాటి అంచు గీత తెలియనంతగా చుట్టూ బాక్టీరియా అంటుకుని ఉంటాయి. వాటినే క్లూ సెల్స్ అంటాం. పల్చటి స్రావం, 4.5 దాటిన పీహెచ్, ఆ వాసన, క్లూ సెల్స్. నాలుగింటిలో మూడుంటే వజైనోసిస్ అని తేల్చే పద్ధతి 1983లో ఆమ్సెల్, ఆయన తోటివాళ్లు పెట్టింది. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. ఒక కాగితం ముక్క, ఒక చుక్క రసాయనం, మైక్రోస్కోపు, ఐదు నిమిషాల ఓపిక.

రెండోది కాండిడా, అంటే ఫంగస్. దీని గుర్తు దురద. నిద్ర పట్టనివ్వని, నలుగురిలో ఉన్నప్పుడు ప్రాణం తీసే దురద. యోని బయటి భాగం ఎర్రబడి వాస్తుంది, చర్మం పగులుతుంది, మూత్రం తగిలితే భగ్గుమంటుంది. స్రావం విరిగిన పాలలా గడ్డలు గడ్డలుగా ఉంటుంది, కొందరికి అలా ఉండదు కూడా. వాసన ఉండదు. పీహెచ్ మామూలుగానే ఉంటుంది. స్లైడులో మొగ్గలు వేసే ఈస్టు కణాలు, పొడవాటి పోగులు కనిపిస్తాయి. నలుగురు ఆడవాళ్లలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు ఇది. యాంటీబయాటిక్స్ వాడాక వస్తుంది, గర్భంలో వస్తుంది, షుగరు అదుపు తప్పితే మళ్లీ మళ్లీ వస్తుంది. షుగరుకు ఇచ్చే మందుల్లోనే మూత్రంలోకి చక్కెరను పంపే రకం కొన్ని ఉన్నాయి, అవి వాడేవాళ్లకు మరీ ఎక్కువ. ఇది సుఖవ్యాధి కాదు.

మూడోది ట్రైకోమోనాస్. పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ డొన్నే 1836లోనే మైక్రోస్కోపులో చూసిన ఏకకణ జీవి. స్రావం పసుపుగా, ఒక్కోసారి పచ్చగా, నురగతో ఎక్కువగా ఉంటుంది, వాసన వస్తుంది, మంట, దురద కూడా ఉండొచ్చు. సెలైన్ చుక్కలో వేసి వెంటనే చూడాలి. చల్లబడినా, ఎండినా కదలడం ఆపేస్తుంది. కదలకపోతే తెల్లరక్తకణానికీ దానికీ తేడా తెలియదు. తోకల్లాంటి పోగులతో కుదుపు కుదుపుగా ఈదుతూ కనిపించిందా, ఇక అనుమానం లేదు. అయితే కనిపించనంత మాత్రాన లేదని కాదు, స్లైడు పరీక్షకు చాలాసార్లు దొరకకుండా పోతుంది. ఇది కలయిక వల్లే అంటుకుంటుంది. భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి, ఇద్దరికీ తగ్గేదాకా దూరంగా ఉండాలి. ఆమె ఒక్కతే వాడితే మళ్లీ వస్తుంది.

కాగితం మీద రాస్తే ఇంత స్పష్టంగా ఉంది కదా. ఒంటి మీద ఇంత స్పష్టంగా ఉండదు. రెండు కలిసి రావచ్చు. ట్రైకోమోనాస్ ఉన్న ఆడవాళ్లలో చాలామందికి ఏ బాధా తెలియదు. 2002లో అమెరికాలో ఒక అధ్యయనం జరిగింది. తమకు ఫంగస్ వచ్చిందని తామే తేల్చుకుని షాపులో మందు కొనడానికి వచ్చిన ఆడవాళ్లను పరీక్షిస్తే, నిజంగా ఫంగస్ ఉన్నది మూడోవంతు మందికే. మిగిలినవాళ్లలో కొందరికి వజైనోసిస్, కొందరికి ట్రైకోమోనాస్, కొందరికి అసలు ఏమీ లేదు. చదువుకున్నవాళ్లు, డబ్బు పెట్టగలిగినవాళ్లు, లేబుల్ చదివి కొనేవాళ్లే అలా పొరబడ్డారు. మన మెడికల్ షాపు కౌంటరు దగ్గర నలుగురు మగవాళ్ల మధ్య నిలబడి "దురదకు ఏదైనా ఇవ్వు" అని గొంతు తగ్గించి అడిగే మనిషికి సరైన మందు దొరుకుతుందని ఎలా నమ్మడం? ఫంగస్‌కు పనిచేసేది క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్. వజైనోసిస్‌కీ ట్రైకోమోనాస్‌కీ మెట్రోనిడజోల్ జాతి. ఒకదాని మందు ఇంకోదాన్ని తాకదు. గర్భిణికైతే ఫ్లూకోనజోల్ మాత్ర మింగించకూడదు కూడా.

ల్యాబు లేని చోట్ల సర్కారు చాలాకాలంగా ఒక మధ్యేమార్గం పెట్టింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ రంగుల కిట్లలో ఆకుపచ్చది తెల్లబట్టకు. సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్ రెండూ అందులోనే ఉంటాయి. ఏ జబ్బైనా ఏదో ఒకటి పనిచేస్తుందని. మారుమూల పీహెచ్‌సీలో ఏమీ ఇవ్వకపోవడం కన్నా అది వెయ్యిరెట్లు నయం. కానీ మైక్రోస్కోపు ఉన్నచోట, చూసే మనిషి ఉన్నచోట కూడా చూడకుండా కిట్టు ఇచ్చి పంపితే నాకు మనసొప్పదు. నా ఉద్యోగం మీద మమకారంతో అంటున్న మాట కాదిది. ఏ జబ్బో పేరు తెలిసిన మనిషి ముఖంలో వచ్చే తేరిక నేను చూశాను.

నా సంగతికి వస్తాను. దురద మొదలైనప్పుడు అది ఏమిటో నాకు తెలుసు. షుగరు ఉంది, వాసన లేదు, చర్మం ఎర్రబడింది. స్లైడు వేస్తే చాలు, అదీ మా ల్యాబులోనే, నా బల్ల దగ్గరే. కానీ స్వాబ్ తీయించుకోవాలంటే మా మేడమ్ ముందు పడుకోవాలి, ఆ స్వాబ్ మా ల్యాబు కుర్రాడి చేతికి వెళ్లాలి, రిజిస్టరులో నా పేరు ఎక్కాలి. కాళ్లు కదల్లేదు. పని ఎక్కువగా ఉందని, జ్వరాల సీజను అని, షుగరు తగ్గితే అదే పోతుందని రకరకాలుగా చెప్పుకున్నాను. రాత్రిపూట మెలకువగా పడుకుని ఆలోచిస్తే తెలిసింది, నాకు భయం జబ్బంటే కాదు. ఆ స్లైడు చూసేవాడు నా గురించి ఏమనుకుంటాడోనని. అతను ఏమీ అనుకోకపోవచ్చు, మంచి పిల్లవాడు. అయినా నాకెందుకంత నమ్మకం, అనుకుంటాడని? ఎందుకంటే ఆ కుర్చీలో కూర్చుని నేను అనుకున్నాను కాబట్టి. నా సిగ్గుకు మూలం నేను ఇతరుల మీద తీర్చిన తీర్పుల్లో ఉంది. వాళ్లందరినీ నేను కొలిచిన కొలతతోనే నన్ను కొలుస్తారని భయపడ్డాను.

ఆ తర్వాత వెళ్లాను. మేడమ్ చూశారు, స్లైడు వేశారు, పోగులు కనిపించాయి, క్లోట్రిమజోల్ రాశారు, షుగరు మాత్ర మార్చారు. ఇందులో చెప్పుకోదగ్గది ఏమీ లేదు. చెప్పుకోవాల్సింది ఆ రాత్రి దొరికిన సంగతే.

దాని వెలుగులో ట్రైకోమోనాస్ స్లైడ్ల గురించి మళ్లీ ఆలోచించాను. ఒకామె గుర్తుంది. ఇటుకబట్టీలో పనిచేసే మనిషి. రిపోర్టు తీసుకుని వెళ్లి, మేడమ్ దగ్గర మాట్లాడి, తిరిగి నా దగ్గరికే వచ్చింది. "అక్కా, ఇది ఎట్ల వస్తది? నేనెవ్వల దగ్గరికి పోలే," అంది. డాక్టరమ్మను అడగలేక నన్ను అడిగింది. "మందులు వాడు, మీ ఆయనకూ ఇప్పించు" అన్నాను. అంతే. నాకు తెలిసిన ఇంకో నిజం ఆమెకు చెప్పలేదు. ఆ క్రిమి ఈ రోజు కనిపించిందంటే ఈ మధ్యే వచ్చిందని కాదు. ఏ బాధా లేకుండా నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మగవాళ్లలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. ఎవరి నుంచి ఎవరికి, ఎప్పుడు అన్నది ఏ స్లైడూ చెప్పదు. స్లైడు చెప్పేది ఒక్కటే, ఇప్పుడు ఇక్కడ ఉందని. నేను దానిమీద ఒక కథ అల్లుకున్నాను. ఆమె ఇంట్లో ఆమె మొగుడు ఇంకో కథ అల్లి ఉంటాడు. ఆ రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఆమె ఇంటికి వెళ్లి నోరు విప్పడానికి ఒక మాట దొరికి ఉండేది.

వజైనోసిస్ విషయంలోనూ అంతా ఆడదాని శుభ్రత మీదికే నెట్టేస్తూ వచ్చాం. మందు వాడినా చాలామందికి తిరగబెడుతుంది. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకులు భర్తకు కూడా మాత్రలు, పూతమందు ఇచ్చి చూస్తే తిరగబెట్టడం బాగా తగ్గింది. వాసన పోవాలని లోపల డెట్టాల్ నీళ్లు పోసి కడుక్కున్న ఆడవాళ్లను నేను చూశాను. సుగంధపు ద్రవాలు కొనుక్కునే ఉద్యోగస్తులనూ చూశాను. లోపల కడిగితే పోయేది లాక్టోబాసిలస్ కాపలానే. బయట మామూలు నీళ్లు చాలు.

ఇంకో రకం స్లైడ్లు ఉన్నాయి, ఏమీ లేనివి. ఏ క్రిమీ లేదు, క్లూ సెల్స్ లేవు, పీహెచ్ సరిగ్గా ఉంది. "నార్మల్" అని రాసి ఇచ్చేదాన్ని. ఆమె మళ్లీ వచ్చేది. నడుం లాగుతోంది, కళ్లు తిరుగుతున్నాయి, ఒళ్లు వేడి చేసింది, ఎముకల్లోని బలమంతా తెల్లగా కరిగిపోతోంది అనేది. ఈ మాట మా అమ్మమ్మ కూడా అనేది. సబ్జా గింజల నీళ్లు, మెంతులు, బార్లీ జావ ఇచ్చేది. వాటితో నష్టమేమీ లేదు. ఎముకలు కరగడం నిజం కాదు. కానీ ఆ నీరసం అబద్ధం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. గోవాలో విక్రమ్ పటేల్ బృందం చేసిన అధ్యయనాల్లో తెల్లబట్ట బాధ చెప్పుకున్న చాలామంది ఆడవాళ్ల వెనక ఇన్ఫెక్షన్ కన్నా మానసిక వేదన ఎక్కువగా బయటపడింది. ఒంటి మీద పెట్టి చెప్పుకోగలిగిన బాధ అదొక్కటే వాళ్లకు. "నార్మల్" అని రాసి పంపినప్పుడు నేను వాళ్ల చేతికి ఇచ్చింది జవాబు కాదు, మూసిన తలుపు. అదే రక్తంలో హిమోగ్లోబిన్ చూడమని మేడమ్‌కు ఒక్క మాట చెప్పడం నాకు చేతనైన పనే. ఇప్పుడు చెబుతున్నాను.

మాకు పొరుగునే ఉన్న గడ్చిరోలిలో రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతులు రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించారు. ఆ అధ్యయనం 1989లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నూటికి తొంభైరెండు మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా డాక్టరు చేత పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఎనిమిది మందే. ఇది చదివినప్పుడు నాకు సంఖ్యల కన్నా ముందు మా చిన్నమ్మ గుర్తొచ్చింది.

మా చిన్నమ్మకు ముప్పై రెండేళ్లకే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని వెళ్తే, "ఇట్లాగే వదిలేస్తే క్యాన్సరవుతది, పిల్లలైతే పుట్టిండ్రు గదా, తీసేస్తే పీడ పోతది" అన్నారట. స్వాబ్ తీయలేదు, స్లైడు వేయలేదు. అప్పుచేసి ఆపరేషన్ చేయించుకుంది. ఆ తర్వాత కూడా ఆమెకు దురద, మంట తగ్గలేదు. ఎలా తగ్గుతుంది? కాండిడా ఉండేది యోనిలో, వజైనోసిస్ వచ్చేది యోనిలో, ట్రైకోమోనాస్ బతికేది యోనిలో. గర్భసంచి తీసేస్తే అవి ఎక్కడికీ పోవు. పైగా అండాశయాలు కూడా తీసేసినవాళ్లకు, కొందరికి అవి ఉంచినా ముందుగానే, ఈస్ట్రోజన్ పడిపోతుంది. లోపల పొడిబారి, పుల్లదనం తగ్గి, కొత్త మంట మొదలవుతుంది. ముట్లు ఆగిపోయినవాళ్లకు వచ్చే బాధే అది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద మూడు శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో దాదాపు ఎనిమిది. అందులో అవసరమైన ఆపరేషన్లూ ఉంటాయి, గడ్డలున్నవాళ్లు, ఆగని రక్తస్రావం ఉన్నవాళ్లు. కానీ మన దగ్గరే ఇంత ఎందుకు? అక్కర్లేని గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పిచ్చి, వాటిని పర్యవేక్షించే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమల్లో పెట్టాలని ఆదేశించింది. ఆ తీర్పు వచ్చేనాటికి మా చిన్నమ్మకు అరవై దాటాయి.

క్యాన్సర్ భయం ఉత్తదని నేను అనను. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సర్ మన ఆడవాళ్లను చంపుతున్న మాట నిజం. స్రావంలో రక్తపు చారలు, కలయిక తర్వాత రక్తం, ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం, ఎంత మందు వాడినా పోని దుర్వాసన, వీటిని ఒక్కరోజు కూడా దాచకూడదు. పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా అంతే, అది లోపలికి పాకిన ఇన్ఫెక్షన్ కావచ్చు. ముప్పై దాటిన ప్రతి ఆడమనిషికీ ముఖద్వారం పరీక్ష చేయాలన్నది సర్కారు కార్యక్రమంలో ఉన్నదే. వెనిగర్ లాంటి ద్రవం పూసి కంటితో చూసే పరీక్ష, నొప్పి లేదు. భయానికి మందు ఆ పరీక్షే. కత్తి కాదు.

నన్ను నేను ఇంతగా తవ్వి చూసుకున్నాక మీకు చెప్పగలిగింది కొంచెమే. దురదా, వాసనా, మంటా, ఏది ముందు మొదలైందో గుర్తుపెట్టుకోండి. రంగు చూసుకోండి, చూసుకోవడం తప్పు కాదు. షుగరుందా, ఈ మధ్య యాంటీబయాటిక్స్ వాడారా, నెల తప్పిందా, డాక్టరు అడగకముందే చెప్పండి. వెళ్లేముందు లోపల కడుక్కోకండి, మందు పెట్టుకోకండి, స్లైడులో నిజం కనపడదు. జిల్లా ఆసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉంటుంది, ఉచితం, మీ వివరాలు బయటికి పోవు. మీ ఆయనను కూడా తీసుకెళ్లండి. మీ అమ్మాయికి ఈడు రాకముందే మామూలు తెల్లబట్ట ఎలా ఉంటుందో మీ నోటితోనే చెప్పండి. ఎవరైనా స్వాబ్ తీయకుండా, స్కాన్ చేయకుండా, ముఖద్వారం చూడకుండా తెల్లబట్టకు గర్భసంచి తీసేద్దామంటే ఒప్పుకోకండి, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. రిపోర్టు అందుకునేటప్పుడు తలదించుకోకండి. నేనిప్పుడు ముఖంలోకి చూసే ఇస్తున్నాను, ఏదైనా అడగాలనిపిస్తే అడగండి.